రెండున్నర సెకన్లు

2018 జనవరి 8 రాత్రి, అట్లాంటాలో, పందొమ్మిదేళ్ల కుర్రాడొకడు అందరూ చూస్తుండగా ఒక పొరపాటు చేశాడు. నిమిషం తిరక్కుండానే ఇంకో పని చేశాడు. ఆ రెండో పనిని అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ చూసేవాళ్లెవరూ మర్చిపోలేదు. నాకు మాత్రం ఈమధ్య మొదటిదే పదే పదే గుర్తొస్తోంది.

అది నేషనల్ చాంపియన్‌షిప్ మ్యాచ్. అలబామా, జార్జియా యూనివర్సిటీల మధ్య. నేనప్పటికి ఉద్యోగం కోసం ఆల్ఫరెట్టా వచ్చి ఏడాదిన్నర. ఆఫీసులో సగం మంది జార్జియాలో చదువుకున్నవాళ్లే. 1980 తర్వాత తమ జట్టుకి మళ్లీ టైటిల్ రాలేదన్న సంగతిని వాళ్లు ఇంట్లో ఆస్తి తగాదాలా చెప్పుకునేవాళ్లు. నాకు ఆట సగమే అర్థమయ్యేది. ఒక కొలీగ్ ఇంటికి పిలిస్తే పిజ్జా కోసం వెళ్లాను, నిజం చెప్పాలంటే.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నాలుగు ప్రయత్నాల్లో కనీసం పది గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు. బంతి ముందుగా క్వార్టర్‌బ్యాక్ చేతికొస్తుంది. పక్కవాడికి అందించచ్చు, ముందు పరిగెడుతున్నవాళ్లకి విసరచ్చు, తనే పరిగెత్తచ్చు. విసిరేలోపే అవతలివాళ్లు వచ్చి పడేస్తే దాన్ని శాక్ అంటారు. పడ్డచోటి నుంచే తర్వాతి ప్రయత్నం.

ఆ రాత్రి సగం ఆట అయ్యేసరికి జార్జియా 13-0తో ముందుంది. అలబామా కోచ్ నిక్ సేబన్ రెండేళ్లుగా ఆడుతున్న తన క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌ని కూర్చోబెట్టి, టువా తాగోవైలోవా అనే ఫస్టియర్ కుర్రాణ్ణి దింపాడు. స్కోరు 20-20 అయింది. చివరి క్షణాల్లో అలబామా కిక్కర్ 36 గజాల కిక్ తప్పాడు. లేకపోతే కథ అక్కడే అయిపోయేది. ఓవర్‌టైమ్‌లో జార్జియా 51 గజాల నుంచి కిక్ కొట్టి 23-20 చేసింది. ఇక అలబామా వంతు, 25 గజాల గీత దగ్గర్నుంచి.

టువా బంతి అందుకున్నాడు, చూశాడు, ఎవరూ ఖాళీగా కనిపించలేదు. బంతిని మైదానం బయటికి విసిరేసి ఉంటే ఒక ప్రయత్నం పోయేది, అంతే. అతను వెనక్కి జరిగాడు. ఇంకా వెనక్కి. ఇద్దరు డిఫెండర్లు పట్టి పడేశారు. 16 గజాలు పోయాయి. మా కొలీగ్ సోఫా మీదకెక్కి గెంతాడు. నాకూ ఆ కుర్రాడి మీద జాలేసింది. పందొమ్మిదేళ్లకి నేను జెఎన్‌టియూలో ఇంజనీరింగ్ డ్రాయింగ్ సప్లీ రాస్తున్నాను.

తర్వాతి ప్రయత్నంలో అతను ముందు కుడివైపు చూశాడు. ఎడమవైపు వెళ్లాల్సిన సేఫ్టీ ఆ చూపుకి మధ్యలోనే ఒక్క క్షణం ఆగిపోయాడు. అప్పుడు ఎడమకి తిరిగి, గీత పక్కన పరిగెడుతున్న డివాంటా స్మిత్‌కి విసిరాడు. 41 గజాలు. టచ్‌డౌన్. 26-23. మా కొలీగ్ సోఫా దిగలేదు, అలాగే నిలబడిపోయాడు. మర్నాడు ఆఫీసు ఎవరో పోయిన ఇల్లులా ఉంది.

దాన్ని 'సెకండ్ అండ్ ట్వంటీసిక్స్' అంటారు. రెండో ప్రయత్నం, ఇంకా 26 గజాలు. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో. మొదట్లో అందరిలాగే బంతిని చూసేవాణ్ణి. తర్వాత ఎక్కడో విన్నాను, క్వార్టర్‌బ్యాక్‌ని చూడాలంటే నడుము కింద చూడాలని. అప్పట్నుంచి పాదాలే చూస్తున్నాను.

క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లకి ఫుట్‌వర్క్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ముందుకా, వెనక్కా అనేది బ్యాట్స్‌మన్ ఆలోచించి తేల్చే విషయం కాదు, అంత టైమ్ ఉండదు. అయితే బ్యాట్స్‌మన్‌కి వచ్చేది ఒక బంతి. క్వార్టర్‌బ్యాక్‌కి నలుగురైదుగురు తనవాళ్లు నాలుగు వైపులా పరిగెడుతుంటారు, వాళ్ల వెనక ఏడుగురు కాపలా, మిగతావాళ్లు నేరుగా ఇతని మీదికి. రమారమి రెండున్నర సెకన్లలో బంతి చేతిలోంచి వెళ్లాలి. మీదికొస్తున్న నూటముప్ఫై కిలోల మనిషిని చూడకూడదు కూడా. చూస్తే దూరంగా ఉన్నవాళ్లు కనబడరు.

మరి రెండున్నర సెకన్లలో ఇంతమందిని ఎలా చూస్తారు? పాదాలతో. బంతి అందుకున్నాక వెనక్కి వేసే అడుగులు లెక్క ప్రకారం ఉంటాయి: మూడు, ఐదు, ఏడు. ఆఖరి అడుగు నేలకి తన్నిన క్షణానికి మొదటి రిసీవర్ సరిగ్గా ఫలానా చోట తిరగాలి. అప్పుడు అతను ఖాళీగా ఉంటే విసరాలి. లేకపోతే చిన్నగా ముందుకి ఒక గెంతు, దాన్ని హిచ్ అంటారు. కళ్లు రెండోవాడి మీదికి. ఇంకో హిచ్, మూడోవాడు. అప్పటికీ ఎవరూ లేకపోతే బంతి బయట పారెయ్యాలి, లేదా పరిగెత్తాలి. ఇలా పాదాలకీ రిసీవర్ల దారులకీ ముడిపెట్టి దాన్నొక పద్ధతిగా చేసినవాళ్లలో ముఖ్యుడు బిల్ వాల్ష్. స్టాన్‌ఫర్డ్‌లోనూ శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్‌లోనూ కోచ్‌గా పనిచేశాడు. ఆ పద్ధతిలో పాదాలే గడియారం. 'ఇతనికి టైమ్ అయిపోయింది, ఇక తర్వాతివాణ్ణి చూడు' అని మడమ చెబుతుంది. తల వింటుంది.

ఇంకొకటుంది. ఇతని చుట్టూ ఐదుగురు బరువైన తనవాళ్లు గిన్నెలా నిలబడి కాపాడతారు. ఆ గిన్నె పేరు పాకెట్. అంచులు విరిగి మనుషులు లోపలికొస్తుంటే ఎవరికైనా వెనక్కి పోవాలనిపిస్తుంది. నేర్పేది ముందుకి అడుగెయ్యమని. పక్కల నుంచి వచ్చేవాళ్లు ఆ ఊపులో వెనకనుంచి దాటిపోతారు. భయం ఉన్నవైపే కాస్త జరగడం. వేలసార్లు చేయిస్తే గానీ ఒళ్లు ఒప్పుకోదు. టువా మొదటి ప్రయత్నంలో వెనక్కి పోయాడు. రెండోదాంట్లో నిలబడ్డాడు. తేడా అంతా చీలమండ కిందే.

ఇక్కడ నాకో చిక్కు. దీన్ని 'నిర్ణయం' అనచ్చా? నిర్ణయం అంటే రెండు దారులు ముందుంచుకుని తూచడం అనుకుంటాం. ఇక్కడ తూచినట్టు లేదు. తూచనిదానికి పొగడ్త ఏమిటి, తిట్టు ఏమిటి?

అరిస్టాటిల్ నికొమాకియన్ ఎథిక్స్ మూడో పుస్తకంలో ధైర్యం గురించి రాస్తూ, ముందే తెలిసిన ప్రమాదంలో నిబ్బరంగా ఉండేవాడికన్నా హఠాత్తుగా వచ్చిపడ్డ ప్రమాదంలో ఉండేవాడే ఎక్కువ ధైర్యవంతుడంటాడు. ముందే తెలిస్తే లెక్కలేసుకుని ధైర్యంగా ఉండచ్చు. హఠాత్తుగా వస్తే బయటపడేది మనిషి స్వభావం. చదివినప్పుడు భలే చెప్పాడనిపించింది. తర్వాత టువా గుర్తొచ్చాడు. నిమిషం తేడాలో రెండు హఠాత్తులు. ఒకదాంట్లో బెదిరినవాడు, ఒకదాంట్లో నిలబడ్డవాడు. అరిస్టాటిల్ ప్రకారం అతని స్వభావం ఏది?

నాకు తోచిన సమాధానం కొంచెం డొంకతిరుగుడుగా ఉంటుంది. ఆదిపర్వంలో ద్రోణుడు వంటవాణ్ణి పిలిచి, అర్జునుడికి చీకట్లో ఎప్పుడూ అన్నం పెట్టకని రహస్యంగా చెబుతాడు. ఒకరోజు తింటుంటే గాలికి దీపం ఆరిపోతుంది. చెయ్యి నోటికే పోతుంది, దారి తప్పదు. అలవాటైన చేతికి వెలుతురు అక్కర్లేదని అర్జునుడికి తట్టి, ఆ రాత్రినుంచే చీకట్లో బాణాలు వేయడం మొదలుపెడతాడు. చిన్నప్పుడు ఈ కథని పట్టుదల కథగా చెప్పారు. ఇప్పుడు నన్ను ఆపేది వంటవాడి ముక్క. ఏ అలవాటు ఎక్కడినుంచి పుడుతుందో ద్రోణుడికి తెలుసు. చెయ్యి ఏం నేర్చుకోవాలన్నది చెయ్యి ఒక్కటే తేల్చుకునే విషయం కాదు. దీపం పెట్టేవాళ్లూ ఆర్పేవాళ్లూ కూడా అందులో ఉంటారు.

అంటే ఒత్తిడిలో తీసుకున్నట్టు కనిపించే నిర్ణయం చాలావరకు అంతకుముందే, ఎవరూ చూడని మధ్యాహ్నాల్లో, కొంత మనమూ కొంత నేర్పినవాళ్లూ కలిసి తీసేసుకున్నది. స్వభావమన్నది ఏదైనా ఉంటే అది అక్కడ ఉండాలి. రాత్రి ఆ రెండున్నర సెకన్లలో జరిగేది అందులో ఒక ముక్క బయటపడటం. ఏ ముక్క బయటపడుతుందన్నది మాత్రం చాలాసార్లు గాలివాటం.

గాలివాటం అన్నది ఊరికే అనలేదు. ఆ కిక్కర్ 36 గజాల కిక్ తప్పకపోతే టువా పొరపాటూ లేదు, పరాక్రమమూ లేదు. ఆ సేఫ్టీ ఒక అడుగు ముందే కదిలి ఉంటే, రెండేళ్లు గెలిపించినవాణ్ణి ఫైనల్లో కూర్చోబెట్టిన మూర్ఖుడిగా సేబన్ మిగిలేవాడు. ఇప్పుడు అదే పనిని సాహసమంటున్నాం. 1976లో బెర్నార్డ్ విలియమ్స్ అనే తత్వవేత్త దీని మీద ఒక వ్యాసం రాస్తే, థామస్ నేగెల్ అనే ఇంకో తత్వవేత్త జవాబుగా మరో వ్యాసం రాశాడు. మోరల్ లక్ అన్నారు దాన్ని. (నైతిక అదృష్టం అని అనువదిస్తే లాటరీ టికెట్ పేరులా ఉంది, వదిలేద్దాం.) మన చేతిలో లేనిదానికి మనల్ని తప్పుపట్టకూడదని అందరం ఒప్పుకుంటాం. కానీ తాగి బండి నడిపిన ఇద్దరిలో ఒకడికి ఎవరూ అడ్డురాక ఇల్లు చేరితే, ఇంకొకడికి మనిషి అడ్డొస్తే, ఇద్దర్నీ ఒకేలా చూడలేం. నేగెల్ దీనికి పరిష్కారం చెప్పడు. చిక్కుని చిక్కుగానే ఉంచుతాడు. పరిష్కారాలు రాసే ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి మొదట నాకది నచ్చలేదు.

ఇక ఆఫీసు సంగతి.

మూడేళ్ల క్రితం ఒక రాత్రి రెండింటికి ఆన్‌కాల్‌లో ఉండగా ఫోన్ మోగింది. డిస్క్ నిండిపోయి సర్వీసు ఆగిపోయింది. కాల్‌లో పన్నెండు మంది, అందులో ఇద్దరు డైరెక్టర్లు, 'ఈటీఏ ఎంత' అని నిమిషానికొకసారి. నా స్క్రీన్ మీద నాలుగు టెర్మినల్ విండోలు తెరిచున్నాయి. ఒకదాంట్లో పాత డేటా తుడిచేసే కమాండ్ కొట్టాను. ఎంటర్ నొక్కాక చూసుకున్నాను, అది ఏ మెషీనో నేను చూడలేదని. ఒళ్లు చల్లబడింది. అదృష్టం, కరెక్టు మెషీనే. సర్వీసు లేచింది. ఆ వారం మీటింగులో మా మేనేజరు నా పేరు చెప్పి 'ప్రెషర్‌లో ఎంత కూల్‌గా ఉన్నాడో' అన్నాడు. వంద డాలర్ల గిఫ్ట్ కార్డు కూడా ఇచ్చారు. ఆ కమాండ్లని వరసగా రన్‌బుక్‌లో రాసిపెట్టాను, రాత్రిళ్లు ఏదైనా పగిలితే తర్వాతివాళ్లు చూసుకోడానికి. ఏ మెషీన్‌లో ఉన్నావో ముందు చూసుకో అనే లైను అందులో లేదు. నేను చూసుకోలేదు కదా, అందుకని రాయాలని తట్టలేదు.

ఎనిమిది నెలల తర్వాత మా టీమ్‌లోకి కొత్తగా వచ్చిన అబ్బాయి అలాంటి రాత్రే అదే రన్‌బుక్ తెరిచి అదే కమాండ్ కొట్టాడు. పక్క విండోలో. నాలుగు గంటల డేటా పోయింది. బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. "సారీ అన్నా, టెన్షన్‌లో చూసుకోలేదు," అన్నాడు. అతని గొంతు వింటూ నేను పొద్దున్నే చేసిన మొదటి పని రన్‌బుక్‌లో ఆ లైను కలపడం. రెండోది ఇన్సిడెంట్ రిపోర్టు రాయడం. మూలకారణం దగ్గర రాశాను: మెషీన్ సరిచూసుకోకుండా కమాండ్ నడపడం. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఇప్పుడు తెరిచి చదివినా ఒక్క వాక్యం దిద్దాల్సిన పని ఉండదు, అదే ఇబ్బంది.

ఆ ఏడాది చివర్లో లేఆఫ్‌లు వచ్చాయి. లిస్టులో అతని పేరుంది. ఆ రాత్రి వల్లే అని నేను చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. రేటింగులో అది ఉంది, రాసింది నేను. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే మిగిలేది అరవై రోజులు. యాభై రెండో రోజున డాలస్‌లో ఏదో దొరికిందని తెలిసింది. ఆ యాభై రెండు రోజులూ నేను అతనికి లింక్డ్‌ఇన్‌లో ఓపెనింగ్స్ పంపిస్తూ మంచివాడిగా గడిపాను.

చీకట్లో బాణం అనగానే అర్జునుడితో పాటు ఇంకొకరు కూడా గుర్తురావాలి. అయోధ్యకాండలో, రాముడు వెళ్లిపోయాక, దశరథుడు కౌసల్యకి తన యవ్వనంలో జరిగింది చెబుతాడు. శబ్దాన్ని బట్టి కొట్టగలడని అప్పటికే తనకి పేరు. వానాకాలం, సరయూ ఒడ్డు, చీకటి. కుండ నిండుతున్న చప్పుడు ఏనుగు చప్పుడులా వినిపించింది. చెయ్యి దారి తప్పలేదు, బాణం సరిగ్గా తగిలింది. ముసలి తల్లిదండ్రుల కోసం నీళ్లు ముంచుకుంటున్న పిల్లాడికి. అర్జునుడిది, దశరథుడిది ఒకే విద్య. ఒకరికి కీర్తి, ఒకరికి శాపం. మోరల్ లక్‌కి ఇంతకన్నా మంచి ఉదాహరణ నేగెల్‌కి కూడా దొరికేది కాదు.

కానీ ఆ కథలో నన్ను పట్టుకున్నది తర్వాతి భాగం. దశరథుడు పారిపోలేదు. ఆ కుండతోనే నీళ్లు తీసుకుని ముసలివాళ్ల దగ్గరికి వెళ్లి, చంపింది తనేనని చెబుతాడు. ఆ తండ్రి, నీ అంతట నువ్వు వచ్చి చెప్పకపోయుంటే నీ తల వక్కలయ్యేదంటాడు. తెలియక చేశావు కాబట్టి బతికున్నావంటాడు. అయినా శపిస్తాడు. తెలియక చేయడాన్ని లెక్కలోకి తీసుకున్నాడు, వచ్చి చెప్పడాన్ని విడిగా లెక్కేశాడు, అయినా జరిగినదాన్ని లెక్కలోంచి కొట్టెయ్యలేదు. దశరథుడు కూడా చీకట్లో పొరపాటైందని సర్దుకోలేదు. చూడకుండా కొట్టగలనన్న పేరు మీద మోజు ముందునుంచే ఉంది. తప్పు ఆ రాత్రికంటే పాతదని అతనికి తెలుసు.

ఫలితాన్ని వదిలెయ్, పని మాత్రం చూసుకో అనే మాట ఇలాంటిచోట చప్పున నోటికొస్తుంది. ఎవరి నోటికొస్తుందో గమనించాను. ఫలితం బాగా వచ్చినవాళ్లకి. విలియమ్స్ చెప్పే లారీ డ్రైవరు ఉదాహరణ ఉంది: ఏ తప్పూ లేకుండానే అతని బండి కింద పిల్లాడు పడతాడు. నీ తప్పేం లేదని చుట్టూ ఉన్నవాళ్లు అంటారు, అనాలి కూడా. కానీ వాళ్లు అనకముందే అతను దులుపుకుని టీ తాగడానికి వెళ్తే వాడిలో ఏదో లేదనిపిస్తుంది. ఆ రిపోర్టు పంపించి నేను బ్రేక్‌రూమ్‌లో టీ తాగాను.

అడుగుల్ని బట్టి చూస్తే, అంటే బంతి ఎక్కడ పడిందో చూడకుండా పాదాల్నే చూస్తే, నా రాత్రికీ అతని రాత్రికీ తేడా లేదు. నిజానికి ఉంది. అతను వేసింది నేను నేర్పిన అడుగు.

మొన్న అక్టోబరులో ఫోన్ చేశాను. చాలా రోజులైంది కాబట్టి ముందు అటూ ఇటూ మాట్లాడాం. పెళ్లి కుదిరిందట, ఫిబ్రవరిలో, తెనాలిలో. తర్వాత చెప్పాను. గిఫ్ట్ కార్డు రాత్రి సంగతి, నాలుగు విండోల సంగతి, చూసుకోకపోవడం, రన్‌బుక్ నేనే రాయడం.

అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. ఇండికేటర్ టక్ టక్‌మంటోంది, కార్లో ఉన్నాడనుకుంటా.

"తెలుసన్నా," అన్నాడు. "ఆ పేజీ హిస్టరీ చూశాను కదా. ఆ లైను మీరు మర్నాడు పొద్దున ఏడుంపావుకి కలిపారు."

"మరి రివ్యూ మీటింగులో చెప్పలేదేం?"

"మీరు చెప్తారేమో అనుకున్నా."

తర్వాత నేనేం అన్నానో సరిగా గుర్తులేదు. ఎగ్జిట్ దాటిపోయిందని ఏదో విసుక్కున్నాడు, జీపీఎస్ గొంతు వినిపించింది. "ఇంతకీ శనివారం అలబామా మ్యాచ్ చూశారా అన్నా?" అన్నాడు. చూశానన్నాను.